కొలంబోలో నాయుడుపేట కొలత

కొలంబోకు పోయివచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ కనపడిన ప్రతివాడూ ఏనుగులను చూశావా, టీ తోటలు చూశావా అని అడుగుతున్నాడు. ఏనుగునూ చూడలేదు, టీ తోటనూ చూడలేదు. నూట ఇరవై ఎండుచేపల గంపల వెనకాల పోయాను, వాటి సంగతి తేల్చుకుని వచ్చాను. ఆ తేలిన సంగతి తలచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. దాన్ని గురించి అడిగేవాడు లేడు గనక నేనే చెబుతున్నాను.

మాది నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరి దగ్గర వరి పండించుకునే ఇల్లు. మూడేళ్ళుగా సముద్రపు ఒడ్డున ఒక పట్టపుపాళెంలో మత్స్యకారుల సంఘానికి లెక్కలు రాసే రైటరుగా ఉంటున్నాను. పాళెం వాళ్ళు తాతల నాటి నుంచీ ఎండుచేపలను బకింగ్‌హాం కాలవ మీద, మూతలేని పడవల్లో మదరాసుకు పంపేవాళ్ళు. అక్కడి దళారి చెప్పిందే ధర. నాకు ఒళ్ళు మండింది. "నాయుడుపేటలో రైలుంది. ధనుష్కోటిలో రైలు ఆగిన చోట ఓడ ఉంది. ఓడ దిగిన చోట సిలోను రైలుంది. దేశం నుంచి దేశానికి ఇంత దారి పడి ఉంటే ఇంకా ఈ కాలవ పట్టుకుని వేలాడతారేం?" అని అయిదు నెలలు చెవినిల్లు కట్టుకుని పోరాను. చివరకు ఒప్పుకున్నారు. కాలవ పడవలు రెండూ అమ్మేశారు.

తొలి సరుకు బూజు పట్టి చేరింది. రెండోది కూడా అంతే. కొలంబోలో మా సరుకు తీసుకునే మొదలాళి అరవంలో ఉత్తరం రాశాడు. మొదలాళి అంటే అక్కడ షావుకారు. "మూడోది కూడా ఇట్లాగే వస్తే నాలుగోది పంపవద్దు" అన్నాడు. ఆ ఉత్తరం పాళెంలో చదివి వినిపించిన రోజు నా వైపు చూసిన చూపులు పగవాడికి కూడా వద్దు. పడవలు లేవు, కాలవ దారి పోయింది, ఇప్పుడు రైలు దారి కూడా మూసుకుపోతే ఆ నలభై ఇళ్ళవాళ్ళు ఏం తింటారు?

అప్పుడు పోలమ్మక్క లేచింది. అరవై ఏళ్ళ మనిషి, మొగుడూ పిల్లలూ లేరు. ఆమె చెయ్యి పడకుండా పాళెంలో ఏ చేపా గంపలోకి పోదు. "నీ మాట విని పడవలు అమ్ముకున్న్యాం రైటరు నాయనా. ఈ తూరి సరుకెంట నువ్వు పో. నీతో మా కళ్ళు గూడా రావాల. నేనొస్తా" అంది. పాసుపోర్టుకు ఫోటో తీయిస్తే, అది తనది కాదని ఫోటోవాడితో గంటసేపు తగువు పెట్టుకుంది.

నాయుడుపేట

గంపల బళ్ళు స్టేషనుకు చేరేసరికి పోలమ్మక్క కనపడలేదు. చూద్దును గదా, పట్టాల మధ్య గొంతుకూర్చుని మోచేత్తో కొలుస్తోంది! వలలు కొలిచి కొలిచి ఆమెకు అదొక అలవాటు. ఇల్లయినా, మనిషయినా, గేదె కొమ్మయినా మూర వెయ్యందే మనసు ఊరుకోదు. పట్టాలు మార్చే పాయింట్లవాడు కేకలేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"ఉండబ్బా, అరస్తావేంది. మూడు మూరలు, జానెడు, నాలుగేళ్ళు" అని లెక్క చెప్పి తీరిగ్గా లేచింది.

నేను వ్యాగను దగ్గర ఉన్నాను. మొదటి రెండుసార్లూ వ్యాగను సందులకు చాపలు అడ్డం పెట్టించినా ఇంజను మసి పడే సరుకు చెడిందేమోనని నాకొక అనుమానం. అందుకని ఈసారి మరింత జాగ్రత్తగా, పెట్టె పైభాగాన ఉన్న గాలి సందులన్నిటికీ గోనెపట్టాలు దట్టంగా కుక్కించాను. బిట్రగుంట నుంచి వచ్చిన గార్డు అది చూసి "ఏం సామీ, చేపలకు జలుబు చేస్తదనా?" అని నవ్వాడు. నా పని నాకు తెలుసులే అన్నాను.

సరుకు ఎక్కించేటప్పుడు పాళెం ఆనవాయితీ ఒకటుంది. పసుపు కలిపిన సముద్రపు నీళ్ళు ముంతలో తెచ్చి, పాళెంలో పెద్ద ఆడది వేపమండతో ప్రతి గంప మీదా చిలకరిస్తుంది. గంగమ్మ ఇచ్చింది గంగమ్మ నీళ్ళతోనే సాగనంపాలని. పడవల కాలం నుంచీ ఉన్నదే. పోలమ్మక్క నూట ఇరవై గంపల మీదా చిలకరించి, నూట ఇరవై ఒకటో దాని దగ్గరకొచ్చింది. అది అధికారులకు చూపించడానికి మాతో పాటు ప్యాసింజరు బండిలో తెచ్చుకునే మచ్చు గంప. దాని మీద నా కాగితాల సంచి ఉంది.

"అక్కా, నా పాసుపోర్టు తడుస్తుంది, దాని జోలికి పోవద్దు!" అని కసిరాను. మూతి ముడుచుకుని మిగిలిన నీళ్ళు నా నెత్తిన కొట్టింది.

మదరాసు

మదరాసులో వ్యాగను వచ్చేదాకా రెండు రోజులు కాచుకున్నాం. కొత్త పైసలు వచ్చి అప్పటికింకా ఏడాది నిండలేదు. కాఫీ హోటలువాడు అణాకు ఆరు కొత్త పైసలంటాడు, చిల్లర ఇచ్చేటప్పుడు మళ్ళీ లెక్క మారుస్తాడు. పోలమ్మక్క ఇడ్లీని మూర వెయ్యలేదు గానీ బొటనవేలితో కొలిచి, "దీనికి రెండణాలా? ఇది ఎవురి కడుపుకి?" అని హోటలంతా వినపడేట్టు అడిగింది. తలెత్తుకోలేక చచ్చాను.

మూడో రోజు గూడ్సు షెడ్డులో వ్యాగను తలుపు లాగారు. గుప్పున వేడిగాలి కొట్టింది. పోలమ్మక్క మొహం చిన్నబోయింది.

"నాయనా, అన్నం కుండ మూత దీసినట్టుండాది. ఈ ఇనప పెట్టె మంచిది గాదు."

"ఇనుమేం చేస్తుందక్కా! ఆ కూలీల చేతులు చూడు!"

నిజంగానే కూలీలు గంపలను ఇనప కొక్కేలతో పైభాగాన పొడిచి, ఈడ్చి, అవతలి చిన్న వ్యాగన్లలోకి విసురుతున్నారు. ఇక్కడ మా పెద్ద రైలు దారి అయిపోయి దక్షిణానికి పోయే చిన్న దారి మొదలవుతుంది గనక ప్రతి గంపా దిగాలి, ఎక్కాలి. నా కోపం నషాళానికంటింది. మేస్త్రీతో తగాదా పడ్డాను. "కొక్కెం లేకుండా మొయ్యాలంటే మీరే మొయ్యండి సార్" అన్నాడు. మోశాను. పన్నెండు గంపలు మోసేసరికి నడుం పట్టేసింది. అయినా దొంగ దొరికాడని లోపల సంతోషంగానే ఉంది. చేప పైన చిల్లు పడితే బూజు పట్టక ఏం చేస్తుంది?

ఎగ్మూరులో మా బండి ఎక్కబోతూ పోలమ్మక్క మళ్ళీ పట్టాల మీదికి దిగింది. ఈసారి నేనే కాపలా కాశాను. రెండు మూరలు, అయిదు వేళ్ళు.

"ఇదేంది, బిడ్డ దారా ఇది?" అంది. బండి కదిలాక కూడా గొణుగుతూనే ఉంది.

మండపం, పాంబన్

మండపం దగ్గర మూడో తరగతి వాళ్ళనందరినీ దింపి సిలోను ప్రభుత్వం వాళ్ళు వైద్య పరీక్ష చేస్తారు. కళ్ళు చూశారు, నాలుక చూశారు, రెండు చేతులకూ సూదులు పొడిచారు. నాలుక చూపించమంటే పోలమ్మక్క చస్తే చూపించలేదు. "పరాయి మగోడికి నాలిక చూపించేదేంది!" అని కొంగు నోట్లో కుక్కుకుంది. చివరకు ఒక నర్సమ్మ పక్కకు తీసుకుపోయి చూసింది.

పాంబన్ వంతెన గురించి విన్నాను గానీ చూసేసరికి కొయ్యబారిపోయాను. కింద నీళ్ళు, రెండు పక్కలా నీళ్ళు, పట్టుకోవడానికి గోడన్నది లేదు, మధ్యలో బండి మెల్లగా పాకుతోంది. కిటికీలోంచి చూస్తే మనం దేని మీద పోతున్నామో కనపడదు. డబ్బాలో సగంమంది కళ్ళు మూసుకుని రామలింగేశ్వరుణ్ణి తలచుకుంటున్నారు. సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన పోలమ్మక్క నా చొక్కా పట్టుకుంది.

"నా మొగుడు ముప్పయ్యేండ్లు సముద్రం మింద పోయినాడు. కట్టె మింద పోయినాడు గానీ ఇట్టా ఇనుము మింద పోలేదు. తేల్తదా ఇది?"

"తేలదక్కా, వంతెన మీద పోతా ఉంది."

"నువ్వు నోరుమూసుకో. నాకు భయమేస్తా ఉండాది."

ధనుష్కోటి

ధనుష్కోటిలో నేల ఎంత సన్నగా ఉందంటే, బండి దిగి కుడివైపు చూస్తే ఒక సముద్రం, ఎడమవైపు చూస్తే ఇంకొకటి. ఒకటి అలలు లేకుండా పడుకుని ఉంది, ఒకటి రంకెలు వేస్తోంది. ఆ ఇసుక మీద స్టేషను, తపాలా ఆఫీసు, కస్టమ్సు, హోటళ్ళు. ఒక ముసలమ్మ అమ్మిన చేపల పులుసు, అన్నం ఆరణాలకు తిన్నాం. పులుసులో మామిడికాయ లేదు, చింతపండు మరీ పలచన. పోలమ్మక్క పొయ్యి దగ్గరకు పోయి ఆమెకు వంట నేర్పించడం మొదలుపెట్టింది. భాష రాకపోయినా ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు.

కస్టమ్సు షెడ్డులో మా గంపలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక ఉద్యోగి పొడుగాటి ఇనప చువ్వ తీసుకుని గంపలో కసుక్కున దించాడు. నేను ఒక్క అరుపు అరిచాను. "ఏమిటండీ ఇది! తినే వస్తువు!"

"బంగారం దాచి పంపేవాళ్ళున్నారయ్యా. నీ మొహం చూసి వదిలెయ్యమంటావా?" అన్నాడు.

చువ్వ బయటికి లాగగానే పోలమ్మక్క దాన్ని అతని చేతిలోంచి తీసుకుంది. ఇవ్వమని అడగలేదు, తీసుకుంది. మొన నుంచి పిడి దాకా ముక్కుతో జరుపుకుంటూ పోయింది. అతను నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు.

"మొన బో బాగుండాది. పిడి కాడ కంపు" అంది నాతో. "అడుగు మంచిదే. పైనే పోయింది నాయనా."

అంటే ఈ మూడో సరుకు కూడా పోయినట్టే. అయినా పైకి మాత్రం, "చెప్పలా? కొక్కేలు పొడిచింది పైనే గదా! ఆ కూలీలే!" అన్నాను. ఆమె ఇనప పెట్టె అంటుంది, నేను కొక్కేలంటాను. ఓడ ఎక్కేదాకా అదే జగడం.

ఓడలో మాత్రం నేను నోరెత్తలేదు. రెండు మూడు గంటల ప్రయాణమే గానీ కడుపులో ఉన్నదంతా సముద్రానికి అప్పగించాను. పోలమ్మక్క నా వీపు రాస్తూ, "వరి పొలమోడివి, నీకెందుకు నాయనా ఇయ్యన్నీ" అని నవ్వింది.

తలైమన్నార్

సిలోను గడ్డ మీద దిగి ఓడరేవు ప్లాట్‌ఫారం మీద మూర్ఛపోయినట్టు కూర్చున్నాను. పోలమ్మక్క యథాప్రకారం పట్టాల మీదికి దిగింది. కొలిచింది. మళ్ళీ కొలిచింది. మూడోసారి చెయ్యి మార్చి కొలిచింది. తర్వాత ఆ కంకర మీదే చతికిలబడి నన్ను కేకేసింది.

"నాయనా, మూడు మూరలు, జానెడు, నాలుగేళ్ళు!"

నమ్మలేదు. ప్లాట్‌ఫారం మీద నుంచి దూకి, నా చేత్తో నేను కొలిచాను. సముద్రం దాటి, దేశం దాటి, పాసుపోర్టు మీద ముద్రలు కొట్టించుకుని వస్తే ఇక్కడ మా నాయుడుపేట పట్టాలు! ఒళ్ళు జలదరించింది. బిట్రగుంటలో నిలబడ్డ పెట్టెను ఎత్తి ఇక్కడ పెడితే చక్కగా పరుగెత్తుతుంది. కానీ ఇక్కడికి రాలేదు. మధ్యలో ఒక చిన్న దారి, ఒక సముద్రం.

అరవం మాట్లాడే పాయింట్లవాడొకడు మా అవస్థ చూసి నవ్వాడు. తెల్లదొరల కాలంలో ఇక్కడిదాకా వంతెన కడదామనుకున్నారట, ఖర్చుకు జడిసి ఓడ పెట్టారట. నేను ఆ మాట తెలుగులో చెప్పాను.

"రెండు కొసలా ఒకే కొలత పెట్టినోళ్ళకి మద్దెలో పెట్టే దానికి ఏం రోగం?" అంది పోలమ్మక్క. ఇరుగు పొరుగు దేశాలను రైళ్ళతో కలుపుతామని పత్రికల్లో రాసే పెద్దలెవరైనా జవాబు చెబితే ఆమెకు చేరవేస్తాను.

కొలంబో

కొలంబోలో పొద్దున్నే హోటల్లో గిన్నెలాంటి అప్పాలు, ఎర్రటి కొబ్బరి పచ్చడి పెట్టారు. పచ్చడిలో కట్టె పేళ్ళలాంటివి తగిలాయి. మాల్దీవుల నుంచి వచ్చే ఎండుచేపట అది. రాయిలాగా ఉంటుంది, కొబ్బరిలాగా తురుముతారు. పోలమ్మక్క ఒక ముక్క అడిగి తీసుకుని కొరికింది. పన్ను కదిలింది. "చేపను ఇంత ఎండబెట్టినోళ్ళు మన బూజు చేప కొంటారా నాయనా" అంది నీరసంగా. నాకేమో అన్నం చూసి మతిపోయింది. బర్మా బియ్యమట, చైనా బియ్యమట. మొలగొలుకులు పండే మా నెల్లూరికి ఇంత దగ్గర్లో ఉండి, మూడు సముద్రాల అవతలి బియ్యం తింటున్నారు!

మధ్యాహ్నం మొదలాళి కొట్టు. పలచటి మనిషి, మర్యాదస్తుడు. మా ఇద్దరికీ కుర్చీలు వేయించాడు. గంపలు విప్పే పెద్దాయన ఒకడు ముందుగా మా మచ్చు గంప విప్పాడు. గలగలమన్నాయి ఎండిన నెత్తళ్ళ చేపలు. మొదలాళి తల ఊపాడు. తర్వాత వ్యాగనులో వచ్చిన గంప ఒకటి తెచ్చి, పైన కప్పిన తాటాకు చాపను కత్తిరించకుండా జాగ్రత్తగా ఎత్తి వెలుతురుకు పట్టుకున్నాడు.

చాప నిండా పసుపు చుక్కలు. ఒక్కొక్క చుక్క కింద, చేప మీద సరిగ్గా అంతే మేర బూజు. చుక్క లేని చోట చేప శుభ్రంగా ఉంది. కొక్కెం పడిన చిల్లు దగ్గర కూడా శుభ్రంగానే ఉంది. ఇంకొకటి విప్పాడు. అదే. అయిదు గంపలు విప్పాడు. అయిదింటా అదే.

"ఏమిటి చల్లారు దీని మీద?" అన్నాడు మొదలాళి. "ఉప్పునీళ్ళా? అవి ఒక పట్టాన ఆరవే. గాలాడితే ఎలాగో ఆరతాయి. ఆ పెట్టెకు గాలి సందులుంటాయి గదా?"

గోనెపట్టాలు. నేను దగ్గరుండి కుక్కించిన గోనెపట్టాలు. మూతలేని పడవలో గాలికి ఆరిపోయిన నీళ్ళు, నేను తెచ్చిన ఇనప పెట్టెలో, నేను మూసిన సందుల వెనక ఉడికిపోయాయి. సిగ్గేసింది.

పోలమ్మక్క చాప దగ్గరకు వంగింది. మూడు చుక్కలు ఒక వరస, రెండు ఒక వరస. తన అరచెయ్యి వాటి పక్కన పెట్టి, గాలిలో వేపమండ విదిలించినట్టు విదిలించింది.

"నా చెయ్యే ఇది" అంది.

నేను ఆ మాట మొదలాళికి అరవంలో చెప్పాను. నా మాట చెప్పలేదు. ఆయన ఒక గంప అడుగున చెయ్యి పెట్టి చూసి, అడుగు సరుకు తీసుకుంటానన్నాడు. "నాలుగోది ఒక్కటి చూస్తాను. తడి ఉంటే ఇక ఉత్తరం కూడా రాయను."

తిరుగు ప్రయాణం మొత్తంలో పోలమ్మక్క దేన్నీ కొలవలేదు.

మళ్ళీ నాయుడుపేట

పాళెంలో అందరినీ కూర్చోబెట్టి ఆమే చెప్పింది. "కూలోళ్ళు గాదు, ఓడోళ్ళు గాదు. నా చెయ్యే చేపను చెడిపింది. గంగమ్మ నీళ్ళే బూజైనాయి." ఆడవాళ్ళు ఒక్కసారిగా గుండెలు బాదుకున్నారు. ఒకామె చెవులు మూసుకుంది. నలభై ఏళ్ళు ఆ చేత్తో సాగనంపిన మనిషి, తలవంచుకుని నిలబడితే చూడలేకపోయాను.

"చెయ్యి ఆమెదే. మూత నాది" అన్నాను. గోనెపట్టాల సంగతి మొదటి నుంచీ చెప్పాను. పడవలో ఆరిన నీళ్ళు నా పెట్టెలో ఎందుకు ఆరలేదో చెప్పాను. ఎవరైనా కొడతారనే అనుకున్నాను.

పోలమ్మక్క మాత్రం తలెత్తి, "కొలంబోలోనే నీ మొకం జూసినా నాయనా. ఎప్పుడు చెప్తావా అని కాచుకోనుండా" అంది. నాలుగు రోజులు నా పక్కన కూర్చుని, నా చేతి కాఫీ తాగుతూ వచ్చింది ఆమె!

నాలుగో సరుకు రోజున గాలి సందులన్నీ బార్లా తెరిపించాను. గంపలు ఎక్కాయి. కానీ ఆడవాళ్ళు కదల్లేదు. నీళ్ళు చల్లకుండా పంపితే గంగమ్మ ఊరుకుంటుందా అని గుసగుసలు. ఒకామె ఏడుస్తోంది. ముంత మాత్రం పోలమ్మక్క చేతిలోనే ఉంది, నిండుగా. మళ్ళీ గంపల మీదికి పోతుందేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆమె గంపల దగ్గరకు పోలేదు. పట్టాల మీదికి దిగింది. పాయింట్లవాడు కేక వెయ్యబోయి ఎందుకో ఊరుకున్నాడు. మూర వేసి అందరికీ చూపించింది.

"చూడండే. మూడు మూరలు, జానెడు, నాలుగేళ్ళు. సముద్రానికి ఆ పక్క గూడా ఇదే కొలత, నా చేత్తో కొలిచినా. ఈడ తడిపితే ఆడ తడిపినట్టే." అని ముంతెడు పసుపు నీళ్ళూ ఆ పట్టా మీద పోసింది, ఈ పట్టా మీద పోసింది. ఏడుస్తున్నామె కళ్ళు తుడుచుకుని వచ్చి వేపమండ పట్టుకుంది. బండి ఆ తడి మీదుగానే కదిలిపోయింది.

మూడు వారాలకు కొలంబో నుంచి ఉత్తరం వచ్చింది. "పొడిగా చేరింది. పంపుతూ ఉండండి." రెండే ముక్కలు. పాళెమంతా వినేట్టు రెండుసార్లు చదివాను. నా గొంతు నాకే వినపడనంత గోల చేశారు. పోలమ్మక్క మాత్రం పక్కకు పిలిచి, నెమ్మదిగా అడిగింది.

"ఆడ పట్టాల మింద పసుపు కనపడిందా అని మొదలాళికి రాయి నాయనా."

చదువుకున్నవాణ్ణి, సంఘం రైటరును. అట్లాంటి మాట ఒక షావుకారుకు రాయడానికి చేతులు రావు. అదే పూట రాసి పోస్టు చేశాను.